రెండు కార్తీకాల ఎరలు

ఈ దీపావళికి మా మనవరాలి జడ కొసకు కాకరపువ్వొత్తి రవ్వ తగిలింది. నాలుగు వెంట్రుకలు ముడుచుకుపోయాయి, అంతకు మించి ఏమీ కాలేదు. వాళ్ళమ్మ పరుగున వచ్చి తడిగుడ్డతో అద్దింది. పిల్ల కాసేపు ఏడ్చి, చిచ్చుబుడ్డి వెలగగానే మరిచిపోయింది. నేను మాత్రం విశాఖపట్నంలో మా మూడో అంతస్తు వరండాలో, వెలిగించిన అగరువత్తి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాలిన వెంట్రుకల వాసన ఎవరికీ నచ్చదు. నాకు ఆ వాసన తగిలితే పర్లాకిమిడిలో అమ్మమ్మగారి వీధి కళ్ళ ముందు నిలుస్తుంది.

వెంట్రుక, గోరు, కొమ్ము మూడింటిలోనూ ఉండేది ఒకటే పదార్థం, కెరటిన్. అందుకే కొమ్మును నిప్పు మీద కాచినా ఇదే వాసన వస్తుంది. మా వీధి చివర కొమ్ముతో బొమ్మలు చేసే ఇల్లు ఒకటి ఉండేది. బడి నుంచి వచ్చేటప్పుడు ఆ ఇల్లు కనిపించకముందే వాసన ఎదురొచ్చేది. తోటి పిల్లలు ముక్కు మూసుకుని పరుగెత్తేవారు. నేను ఆ అరుగు దగ్గర ఆగిపోయేదాన్ని.

*

మా నాన్నగారిది బదిలీల ఉద్యోగం. ఊరు మారినప్పుడల్లా బడి మార్చడం ఇష్టం లేక నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. పర్లాకిమిడి ఒడిశాలో, ఇప్పటి గజపతి జిల్లాలో ఉంది. ఊరిని ఆనుకుని మహేంద్రతనయ పారుతుంది. కాస్త దూరం వెళితే పాతపట్నం, అది ఆంధ్ర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గీత అలా పడింది. మా చుట్టాల్లో సగం మంది గీతకు ఇవతల, సగం మంది అవతల. ఇంట్లో తెలుగు, వీధిలో రెండు భాషలూ. కూరగాయల బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగేది. గిడుగు రామమూర్తి గారు పిల్లలకు పాఠాలు చెప్పిన ఊరు మాది, నోటి మాటకు ఇక్కడ విలువ ఎక్కువ అని మా మామయ్య గర్వంగా చెప్పేవాడు.

రెండు భాషలు ఉన్నట్టే మాకు కార్తీకాలు కూడా రెండు ఉండేవి. ఒడియావారి నెల పున్నమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో. వాళ్ళ కార్తీకం కుమార పూర్ణిమ మర్నాడు, అంటే మన ఆశ్వయుజ పున్నమి వెళ్ళగానే మొదలవుతుంది. మనది మొదలవడానికి దీపావళి వెళ్ళాలి. ఎదురింటి ఒడియా కుటుంబం ఆ నెలంతా నీచు ముట్టేవారు కాదు. "ఎదురింటివాళ్ళు నిష్ఠలో ఉంటే మన పొయ్యి మీద చేపల పులుసు ఏమిటి?" అని అమ్మమ్మ తీర్పు చెప్పేది. వాళ్ళ కార్తీకం పున్నమికి ముగిసేసరికి మన కార్తీకం ఇంకా సగం మిగిలి ఉండేది. అలా నెలన్నర పాటు మా ఇంట్లో గాలం కర్రలు అటక దిగేవి కావు.

ఆ నెలన్నరా మామయ్య ఎరలు చేసేవాడు.

వాళ్ళ కార్తీకంలో చివరి ఐదు రోజులనూ బక పంచకం అంటారు. ఆ ఐదు రోజులు కొంగ కూడా చేపను ముట్టదని నమ్మకం. ఒక ఏడు నేను ఆ సంగతి కళ్ళారా చూడాలని రేవుకు వెళ్ళాను. కొంగ ఒంటికాలి మీద నీళ్ళలో నిలబడే ఉంది. అది తిన్నదో మానిందో తేలేదాకా చూడనివ్వకుండా అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కార్తీక పున్నమి తెల్లవారుజామున ఒడియావారు బొయిత బందాణ చేస్తారు. వెనుకటి కాలంలో ఓడలెక్కి సముద్ర వ్యాపారానికి వెళ్ళిన సాధవులను తలుచుకుని, అరటి డొప్పలతో, రంగు కాగితాలతో, జీలుగు బెండుతో చిన్న పడవలు చేసి, దీపం పెట్టి, నీళ్ళలో వదులుతారు. చలిలో వణుకుతూ మేమూ వెళ్ళేవాళ్ళం. మధ్యాహ్నానికి ఆ పడవలు ఒడ్డుకు కొట్టుకొచ్చి తుంగలో చిక్కుకునేవి. మామయ్య వాటిలోంచి బెండు ముక్కలు మాత్రం ఏరి, తువ్వాలులో మూటకట్టి తెచ్చేవాడు. "దేవుడి పని అయిపోయింది. ఇక మన పని" అనేవాడు.

మళ్ళీ పదిహేను రోజులకు మన పోలి పాడ్యమి. అదే నదిలో, అదే చలిలో, మన ఆడవాళ్ళు అరటి డొప్పల్లో దీపాలు వదిలి పోలిని స్వర్గానికి పంపేవారు. ఆ మర్నాడు ఇంకా తెల్లవారకుండానే మామయ్య సైకిలు గొలుసు చప్పుడు వినిపించేది. మార్గశిరంలో గురువారాలు మాత్రం మళ్ళీ లక్ష్మీదేవికి వదిలిపెట్టాలి. ఆ విషయంలో ఎదురింటికీ మాకూ తేడా లేదు.

*

మామయ్య చిన్న రైలు స్టేషన్లో గూడ్సు గుమాస్తాగా పనిచేసేవాడు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన లైను అది, 1931కి గుణుపురం దాకా సాగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే. సరుకు పెట్టెల తలుపులకు వేసే సీసపు ముద్రలను తలుపు తెరిచేటప్పుడు తెంపి పారేసేవారు. అవి మామయ్య చొక్కా జేబులో ఇంటికి చేరేవి. చొక్కా ఉతికేటప్పుడు జేబు బరువుగా తగిలితే అత్తయ్య విసుక్కోకుండా వాటిని తీసి కిటికీలో వరుసగా పెట్టేది.

గాలానికి వానపామునో పిండిముద్దనో గుచ్చి కూర్చోవడం ఊళ్ళో చాలామంది చేసేదే. మామయ్యవి తినడానికి పనికిరాని ఎరలు. కర్ర చేప, రబ్బరు కప్ప, రేకు ముక్క. ఇంట్లో వాటిని బొమ్మ ఎరలు అనేవాళ్ళం. బొచ్చె, శీలావతి లాంటివి వాటి వంక కూడా చూడవు. వేటాడి తినే చేపలే వాటి వెంట పడతాయి. మా వైపు అవి ముఖ్యంగా కొరమీను, వాలుగ. వేటలో అవి ముఖ్యంగా పట్టించుకునేది కదలికను. చేప ఒంటికి రెండు పక్కలా తల నుంచి తోక దాకా ఒక సన్నని గీత ఉంటుంది. నీళ్ళలో ఏది కదిలినా ఆ అదురు దానికి ఆ గీతలో తెలుస్తుంది. "మన చేతిపని ఆ గీతకు నచ్చాలి, తర్వాతే దాని కంటికి" అనేవాడు మామయ్య.

"వానపాముతో ఎందుకు పట్టవు మామయ్యా?" అని ఒకసారి అడిగాను.

"వానపాముతో పడితే దాని ఆకలి దాన్ని పట్టినట్టు. దీనితో పడితే నేను పట్టినట్టు."

రాత్రి భోజనాలయ్యాక పెరటి వసారాలో చాప పరిచేవాడు. లాంతరు ఒకటి, పీట ఒకటి, సామాన్లు పెట్టుకునే రేకు బిస్కెట్ల డబ్బా ఒకటి. బూరుగు కొమ్మను నీడన నెలల తరబడి ఆరబెట్టి ఉంచేవాడు. బూరుగు తేలికైన కర్ర, కత్తికి వెన్నలా లొంగుతుంది. ముందు కత్తితో చెక్కడం, తర్వాత గాజుపెంకుతో గీకడం, చివర ఉప్పు కాగితంతో రుద్దడం. గాజుపెంకు కర్ర మీద నడిచేటప్పుడు వచ్చే ఆ సర్ సర్ చప్పుడు వింటూ ఎన్నో రాత్రులు అక్కడే నిద్రపోయాను.

మెత్తని కర్రలో గాలం కొక్కెం నేరుగా దిగేస్తే పెద్ద చేప ఒక్క గుంజుతో ఊడదీసుకుపోతుంది. అందుకని ముక్కు నుంచి తోక దాకా పాత సైకిలు చువ్వను పొడుగునా పోనిచ్చేవాడు. దారం కట్టడానికి ఒక చుట్టు, గాలాలు వేలాడడానికి ఇంకో చుట్టు, రెండూ ఆ ఒక్క చువ్వలోనే ఉండేవి. కర్ర ముక్కలైనా చేప మాత్రం చువ్వకు ఉంటుంది. ముక్కు కింద నాలుకలా చిన్న పలక అమర్చేవాడు. దారం లాగితే ఆ పలకకు నీళ్ళు తగిలి, బొమ్మ తల దించి లోపలికి మునుగుతుంది, మునుగుతూ అటూ ఇటూ ఒళ్ళు ఊపుతుంది. ఆ పలకకు పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించేవాడు. మా తాతగారి ఛాతీ ఎక్స్‌రే సగానికి పైగా మహేంద్రతనయలో ఈదింది.

నాకు రెండు పనులు అప్పగించాడు. మొదటిది పొలుసులు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితాన్ని ఆకురాయి మీద పరిచి, వేలి గోటితో నెమ్మదిగా రుద్దాలి. ఆకురాయి గరుకంతా కాగితం మీద దిగి, అచ్చం చేప పొలుసుల్లా మెరుస్తుంది. గట్టిగా రుద్దితే చిరుగుతుంది, మెత్తగా రుద్దితే గీతలు పడవు. రెండో పని కళ్ళు. గురివింద గింజకు మించిన చేప కన్ను ఎక్కడా దొరకదు, ఎర్రని గుడ్డులో నల్లని పాప. తల పక్కన చిన్న గుంట తవ్వి, కరిగిన లక్క చుక్క వేసి, అది ఆరకముందే గింజను నొక్కాలి. గురివింద పప్పు విషం కాబట్టి అమ్మమ్మ ముందు లెక్కపెట్టి ఇచ్చేది, పనయ్యాక మిగిలినవి లెక్కపెట్టి తీసుకునేది. వీపుకు నలుపు కావాలంటే ఇంట్లో కాటుక ఉండనే ఉంది. అన్నిటి మీదా స్పిరిట్‌లో కరిగించిన చపడా లక్క మూడు పూతలు వేసి, తులసికోట పక్క తాడు మీద ఆరగట్టేవాడు. పొద్దున్నే ఆ తాడు మీద ఎండ పడితే ఎదురింటి పిల్లలు కూడా వచ్చి చూసి వెళ్ళేవారు. వాళ్ళ కార్తీక నిష్ఠకు కర్ర చేపలతో భంగం లేదు.

*

నేను సొంతంగా చేసిన మొదటి చేప చూడడానికి బాగుండేది. కళ్ళు సమంగా కుదిరాయి, పొలుసులు చక్కగా వచ్చాయి. నూతి పక్క సిమెంటు తొట్టిలో వేసి దారం లాగితే బొంగరంలా గిరగిరా తిరిగింది. దారమంతా మెలికలు పడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. మామయ్య మాట్లాడకుండా దారం విప్పి, చేపను నీళ్ళ మీద ఊరికే వదిలాడు. అది పక్కకు ఒరిగి తేలింది.

"చూశావా? ఆగి ఉన్నప్పుడే కడుపు ఎటు పెట్టాలో దీనికి తెలియడం లేదు. లాగినప్పుడు ఏం తెలుస్తుంది?"

నేను సీసాన్ని వీపుకు దగ్గరగా కూరాను. అది కడుపు అడుగున ఉండాలి. అప్పుడే పడవ అడుగున బరువు ఉన్నట్టు బొమ్మ నిలకడగా ఉంటుంది, పలకకు నీళ్ళు తగిలినప్పుడు ఊగుతుంది గాని తిరగబడదు. సీసం మెత్తన, కత్తితో కోయవచ్చు. కోసిన చేతులు కడుక్కోకుండా నోట్లో పెట్టుకుంటే మాత్రం వీపు మీద ఒకటి పడేది. మళ్ళీ కడుపు కోసి, సీసం దించి, లక్కతో పూడ్చాం. ఈసారి అది తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు తోక ఆడిస్తూ వెళ్ళింది. ఆ రాత్రి నేను తొట్టి దగ్గర నుంచి లేవలేదు. అత్తయ్య అన్నం అక్కడికే తెచ్చి తినిపించింది.

ఎరలు చేయడానికి నన్ను ఎవరూ వద్దనలేదు. వాటిని విసరడానికి మాత్రం ఏటికి వెళ్ళనిచ్చేవారు కాదు. చీకటితో లేచి మగవాళ్ళతో ఏటి ఒడ్డుకు ఆడపిల్ల వెళ్ళడమేమిటని అమ్మమ్మ. ఆ ఒక్క విషయంలో మామయ్య కూడా ఆమెను దాటలేకపోయాడు. అందుకని ఒక పుస్తకం మొదలుపెట్టాడు. పొడుగాటి చిట్టా పుస్తకం, ఎర్ర అట్ట. ఒక్కో ఎరను కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన నంబరు, కర్ర పేరు, బరువు ఎక్కడ ఉందో రాసేవాడు. ఏటి నుంచి వచ్చాక కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగకముందే, అక్కడ ఏం జరిగిందో రాసేవాడు. నేను బడికి వెళ్ళేలోగా చదువుకోవాలని.

"నం. 9. బూరుగు. ఎడమకు పోతోంది. ముక్కు చుట్టు కుడికి వంచితే సరిపోయింది." 

"నం. 14. బెండు. బాగా తేలిక, గాలికి విసరలేకపోయాను. చిన్న వాలుగ వెనకే వచ్చి తిరిగిపోయింది. కళ్ళు బాగున్నాయి."

ఆ 'కళ్ళు బాగున్నాయి' అన్న మాట నాకోసం. అలాంటివి చాలా ఉంటాయి అందులో. ఏటిలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో, మంచు ఎంతసేపు ఉందో, పాతపట్నం వైపు గట్టు మీద ఎన్ని నెమళ్ళు వచ్చాయో కూడా రాసేవాడు. చేపలు పట్టేవాళ్ళకు అవన్నీ అక్కర్లేదు. ఇప్పుడు చదువుతుంటే ఆ ఏటిని నేను చూసినదానికంటే చదివిందే ఎక్కువ అని తెలుస్తోంది.

*

కొమ్ము పని చేసే ముసలాయనను మేమందరం అజా అని పిలిచేవాళ్ళం, ఒడియాలో తాత అని. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. గేదె కొమ్ము నల్లగా ఉంటుంది, ఆవు కొమ్ము తేనె రంగులో, పలచగా గీస్తే వెలుతురు దాటేలా ఉంటుంది. మొదలు బోలు, కొస గట్టి. నిప్పుల మీద కాచి, మెత్తబడగానే వంచి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. అజా చేతిలో కొమ్ము కొంగ అయ్యేది, దువ్వెన అయ్యేది, రొయ్య అయ్యేది. ఆ రొయ్యలను చూస్తే నాకు మతిపోయేది. ఒంటి మీద ఒక్కో మడత విడిగా కనిపించేది, మీసాలు గాలికి వణికేవి.

కాలేజీ చదువుకు నన్ను శ్రీకాకుళం పంపేముందు వచ్చిన కార్తీకంలో కొమ్ముతో రొయ్య ఎర చేస్తానన్నాను. మహేంద్రతనయలో, వంశధారలో రొయ్యలు ఉంటాయి, వాటిని చేపలు ఇష్టంగా తింటాయి. కొమ్ముకు ఇంకో గుణం ఉంది. కర్రలా తేలదు, సీసంలా ఒక్కసారిగా మునగదు. నెమ్మదిగా దిగుతుంది, బతికున్న రొయ్య దిగినట్టు. ఈ మాట మామయ్యకు చెబితే చాలాసేపు ఆలోచించి, "ఇది నాకు తట్టలేదు సుమా" అన్నాడు.

అజా ముందు ఒప్పుకోలేదు. బొమ్మను నీళ్ళలో పారేస్తారా అని బాధపడ్డాడు. రోజూ బడి నుంచి వస్తూ అరుగు మీద కూర్చునేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో ఒక ఆవు కొమ్ము ముక్క, చిన్న ఆకురాయి నా ముందు పెట్టాడు. చేసి ఇవ్వను, నువ్వే చెయ్యి అని. పట్టకారుతో ముక్కను నిప్పుల మీద తిప్పుతుంటే పొగ కళ్ళలోకి వచ్చేది, ఆ వాసన జుట్టుకు, పరికిణీకి పట్టేది. మొదటి రెండు ముక్కలు మాడిపోయాయి. కాచడం ఎప్పుడు ఆపాలో అజా మాటల్లో చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని కొమ్మును ఒకసారి నొక్కించాడు. అంతే, వేళ్ళకు తెలిసిపోయింది.

రొయ్య తయారయ్యాక ముక్కు దగ్గర దారం కట్టబోతే అజా నవ్వాడు. రొయ్య భయపడితే ఎటు పారిపోతుంది? తోకను కడుపు కిందకు కొట్టి వెనక్కి దూకుతుంది. మరి దారం తోకకు కట్టాలి కదా! తలను, మీసాలను వెనక వదిలేయాలి. ముప్ఫై ఏళ్ళు రొయ్యలు చెక్కిన చేతికి అది తెలుసు. ఏడేళ్ళుగా ఎరలు చేస్తున్న నాకు తెలియలేదు.

*

ఒకే ఒక్కసారి మామయ్యతో వెళ్ళాను. అమ్మమ్మ మొక్కు తీర్చుకోవడానికి పాతపట్నం నీలమణి దుర్గ గుడికి వెళ్ళి, అక్కడే చుట్టాలింట్లో ఉండిపోయిన రోజు. ఏటికి కాదు, ఊరి బయట తామరాకులు కమ్ముకున్న చెరువుకు. కొరమీనుకు అలాంటి చోట్లు ఇష్టం. అది నీళ్ళలోని గాలి చాలక మధ్య మధ్య పైకి వచ్చి గాలి మింగుతుంది. మంచులో చెరువు కనిపించేది కాదు, గుబుక్ గుబుక్ అని ఆ మింగే చప్పుడు మాత్రం వినిపించేది.

ఆ రోజు ఎర చెప్పు కప్ప. అరిగిపోయిన హవాయి చెప్పు మడమ దగ్గరి రబ్బరును చెక్కి చేసింది. సైకిలు ట్యూబు పీలికలు వెనక కాళ్ళు. గాలం ముళ్ళు వీపు మీదకు తిరిగి రబ్బరుకు ఆనుకుని ఉంటాయి, అందుకే ఆకులకు తగలవు. చేప నోటితో నొక్కితే రబ్బరు అణిగి ముళ్ళు బయటపడతాయి. మా దగ్గర యంత్రమేదీ లేదు. పాలపొడి డబ్బాకు నైలాన్ దారం చుట్టి, కొసను తల చుట్టూ తిప్పి వదలడమే. ఊళ్ళో కొందరు బతికున్న కప్పను గుచ్చి విసిరేవారు. దాని కాళ్ళు కొట్టుకోవడం చూశాక రెండు రోజులు అన్నం సయించలేదని మామయ్య ఆ రోజే నాతో చెప్పాడు. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపుకు కాపలా కాసే జంట కొరమీనుల జోలికి కూడా అతను ఎన్నడూ వెళ్ళలేదు. వాటిని పడితే ఆ గుంపులో ఒక్కటీ మిగలదు.

నేను విసిరాను. కప్ప తామరాకు మీద పడింది. "ఆగు" అన్నాడు. ఆగాను. "ఇప్పుడు కొంచెం." కప్ప ఆకు అంచు దాటి నీళ్ళలోకి జారింది. అంతే, నీళ్ళు పగిలాయి. అంత పెద్ద చప్పుడు ఒక చేప చేస్తుందని నాకు తెలియదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి లాగాలని ఇంటి దగ్గర వందసార్లు చెప్పి ఉన్నాడు. నేను ఒకటి కూడా అనలేదు. గుంజేశాను. కప్ప గాలిలో తిరిగొచ్చి నా ఒళ్ళో పడింది.

మామయ్య కోప్పడలేదు. కప్పను చేతిలోకి తీసుకుని, రబ్బరు మీద పడిన పంటి గాట్లను వేలితో తడిమి, నాకు చూపించాడు. ఇంటికి వచ్చాక పుస్తకంలో రాశాడు: "నం. 38. చెప్పు కప్ప. అమ్మడు విసిరింది. కొరమీను నమ్మింది. తొందరపడి లాగింది."

*

మామయ్యకు ఈ పని నేర్పినవారు లేరు. బరంపురం వెళ్ళినప్పుడు బెలగుంఠ ఇత్తడి చేప ఒకటి కొనుక్కొచ్చాడు. గంజాం జిల్లా బెలగుంఠలో చేసే ఆ చేప ఒళ్ళంతా చిన్న చిన్న రేకుల కూర్పు. తల పట్టుకుంటే మిగతా ఒళ్ళు బతికున్న చేపలా మెలికలు తిరుగుతుంది. అది అందరి ఇళ్ళలో అద్దాల బీరువాలో ఉంటుంది. మామయ్య దాన్ని పది రోజులు చేతిలో తిప్పి తిప్పి, పదకొండో రోజు బూరుగు చేపను మూడు ముక్కలుగా కోసి తీగ చుట్లతో కలిపాడు. ఆ నం. 27కు పడినన్ని వాలుగలు మరి దేనికీ పడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత లౌరి రపాలా అనే ఫిన్లాండ్ జాలరి గురించి చదివాను. వేటచేప గుంపులో తడబడుతూ ఈదే చిన్న చేపనే ఎంచుకుంటుందని సరస్సులో గమనించి, అలా తడబడేలా బెరడు చెక్కి ఎర చేశాడు. పైన చాక్లెట్ల వెండి కాగితం చుట్టి, ఫొటో ఫిల్ములను కరిగించి పూత పూశాడు. అది 1936. వెండి కాగితం, ఫిల్ము అన్న మాటలు చదవగానే పుస్తకం మూసి ఫోను అందుకున్నాను. అప్పటికే మామయ్యకు చెవులు సరిగా వినిపించేవి కావు. రెండుసార్లు గట్టిగా చెప్పాక అర్థమైంది. "ఆయన కళ్ళకు ఏం పెట్టాడట?" అని అడిగాడు. రాయలేదు మామయ్యా అన్నాను. "గురివింద వాళ్ళకు ఎక్కడ దొరుకుతుంది, పాపం" అన్నాడు.

*

మామయ్య పోయాక పదకొండో రోజున అత్తయ్య బిస్కెట్ల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. పిల్లలెవరూ అడగలేదు, నీకే అని పక్కన పెట్టాను అంది. మూత గట్టిగా పట్టేసి ఉంది. ఇంటికి తెచ్చి అల్మరా పైన పెట్టాను. అన్నేళ్ళూ తెరవలేదు. ఈ దీపావళి రాత్రి అందరూ పడుకున్నాక దించి, కత్తి మొనతో మూత లేపాను.

గాలాలన్నీ తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. రబ్బరు కప్ప గట్టిపడి పొడిపొడిగా రాలింది. కర్ర చేపల మీద చపడా పసుపెక్కింది గాని, గురివింద కళ్ళు అలాగే ఉన్నాయి, నిన్న పెట్టినట్టు. అడుగున దూదిలో చుట్టి నా కొమ్ము రొయ్య. కొమ్మును తినే పురుగు ఒకటి ఉంటుంది. అది సూదితో పొడిచినట్టు కడుపులో పది పన్నెండు బెజ్జాలు చేసింది. చిట్టా పుస్తకంలో దాని పేజీ తీశాను. రొయ్య చుట్టూ గీసిన పెన్సిలు గీత, "నం. 61. కొమ్ము రొయ్య. అమ్మడిది." ఆ తర్వాత ఏమీ లేదు. నేను శ్రీకాకుళం నుంచి రాసిన ప్రతి ఉత్తరంలో రొయ్య ఏమైందని అడిగేదాన్ని. నీళ్ళు ఇంకా తేటపడలేదని జవాబు వచ్చేది. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు.

అత్తయ్యకు ఫోను చేసి అడిగాను. "ఏటి అడుగున రాళ్ళకు తగులుకుంటే తెగిపోతుందని విసరలేదే" అంది. "చాలాసార్లు జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. మళ్ళీ తెచ్చి దూదిలో పెట్టేవాడు."

పోలి పాడ్యమికి మనవరాలిని తీసుకుని పర్లాకిమిడి వెళ్ళాను. చిన్న రైలు లేదు, ఇప్పుడు నడిచేది పెద్ద పట్టాల మీద. అజా ఇంటి అరుగు ఉంది, తలుపుకు తాళం ఉంది. మనవడు బరంపురంలో ఉద్యోగం చేసుకుంటున్నాడట. వీధిలో ఏ వాసనా లేదు. ఊళ్ళో ఇంకో చోట ఒకరిద్దరు కొమ్ము పని చేస్తున్నారని చెప్పారు, ఈసారి వెళ్ళి చూడాలి.

చీకట్లో రేవులో అత్తయ్య, నేను దీపాలు వదిలాం. తెల్లవారి అందరూ వెళ్ళిపోయాక పాలపొడి డబ్బా తీశాను. తుప్పు పట్టిన గాలాలను ముందే తెంపేసి, కొత్త దారం తోకకు కట్టాను. మనవరాలు డబ్బా పట్టుకుంది. మోకాలి లోతు తేట నీళ్ళు, కింద ఇసుక, అక్కడక్కడ రాళ్ళు. మూడుసార్లు విసిరాను. నెమ్మదిగా, నేను అప్పుడు చెప్పినంత నెమ్మదిగానే దిగింది. లాగితే మీసాలు వెనక్కి పడ్డాయి. మూడోసారి ఒక వేలెడు చేప ఎక్కడి నుంచో వచ్చి దాని వెంట రెండు జానలు ఈది, ఆగిపోయింది.

మెట్ల మీద కూర్చుని, తడి చేతులు చీరకు తుడుచుకుని, అరవై ఒకటో పేజీలో మామయ్య అక్షరాల కింద రాశాను: "మూడుసార్లు విసిరాను. కడుపు ఎడమకు వాలుతోంది, బెజ్జాల వల్ల అటు బరువు తగ్గినట్టుంది. లక్కతో పూడ్చి, కొంచెం సీసం కూరాలి. నీళ్ళు తేటగా ఉన్నాయి."